ఆయిల్ వేడెంతో చూడకుండా రేడియేటర్ మీద పడకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో బండ్ల పేజీ వచ్చిన రోజు నేను ముందు అదే తీసి చదువుతా. ఇంజన్ హీటెక్కడం గురించి ఎప్పుడు రాసినా రేడియేటర్ కడిగించండి, కూలెంట్ అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం చూసుకోండి, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతుందో లేదో చూడండి అని చెప్పి అక్కడితో ఆపేస్తున్నారు. చెప్పినవేవీ తప్పు కాదు గానీ డీజిల్ పికప్ నడిపేవాళ్ళకి అది సగం మాటే, మిగతా సగం ఆయిల్ కూలర్ గురించి ఎవరూ రాయట్లేదు. నేను డీజిల్ ఇంజన్ల పని చేసేవాడిని. ఈ కూలర్ మూసుకుపోయిన సంగతి ఎవరూ కనిపెట్టక రేడియేటర్ మార్చి, వాటర్ పంప్ మార్చి, చివరికి హెడ్, అంటే ఇంజన్ పై భాగం దించేదాకా తెచ్చుకున్న బండ్లు చూసి చూసి ఈ ఉత్తరం రాస్తున్నా. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, ఏ పార్టూ విప్పకముందు కూలెంట్ వేడి ఎంత, ఆయిల్ వేడి ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి, చూసింది కాగితం మీద రాయాలి.

ముందు ఆ కూలర్ ఏంటో తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. డీజిల్ ఇంజన్లో ఆయిల్ అంటే పార్టులు అరగకుండా చూసేది మాత్రమే అనుకుంటారు చాలామంది, వేడి మోసే పని కూడా దానిదే. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ల కింద చిన్న చిన్న జెట్లు ఉంటాయి, వాటిలోంచి ఆయిల్ పిస్టన్ అడుక్కి చిమ్ముతా ఉంటది, అక్కడి వేడి తీసుకుని కిందకి సంప్ లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి జారుద్ది. ఇంజన్లోకి గాలిని నెట్టే టర్బో షాఫ్ట్ బేరింగుల్లోంచి వెళ్ళేదీ ఆ ఆయిలే, పిస్టన్లు తిప్పే పెద్ద షాఫ్ట్ అంటే క్రాంక్, దాని బేరింగుల మధ్య నలిగేదీ అదే. ఇంత వేడి మోసుకొచ్చిన ఆయిల్ని చల్లబరచడానికి ఆయిల్ ఫిల్టర్ దగ్గరో బ్లాక్ పక్కనో పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే చిన్న కూలర్ పెడతారు. ఒక పలక సందులో ఆయిల్ పోద్ది, పక్క సందులో కూలెంట్ పోద్ది, మళ్ళీ ఆయిల్, మళ్ళీ కూలెంట్, రెండూ కలవవు గానీ పలక లోంచి వేడి అటు నుంచి ఇటు మారుద్ది. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఇదే కూలర్ తిరగేసి పనిచేస్తది, ముందు వేడెక్కిన కూలెంట్ వెనకబడ్డ ఆయిల్ని వెచ్చబరుస్తది. కొన్ని బండ్లకి గ్రిల్ వెనక గాలి తగిలే ఆయిల్ కూలర్ ఉంటది, దాని లెక్క వేరు, నేను చెప్పేదంతా కూలెంట్ తో చల్లబడే రకం గురించే.

ఆ పలకల సందులు చాలా సన్నం. కూలెంట్ లో తిరిగే చెత్త ఏదున్నా, కుళాయి మూతి జాలీలో ఇసుక చేరినట్టు, అక్కడికొచ్చి చేరుద్ది. ఒక సందు మూసుకుంటే మిగతావి పనిచేస్తాయి కాబట్టి ఏమీ తెలియదు, సగం మూసుకున్నా ఖాళీ బండికి తెలియదు, లోడెక్కించి ఎత్తు ఎక్కించిన రోజు బయటపడుద్ది.

ఇక్కడ డ్రైవర్లు మోసపోయేది డాష్‌బోర్డు ముల్లు దగ్గర. ఆ ముల్లు చూపించేది కూలెంట్ వేడి. అది కూడా చాలా బండ్లలో ఉన్నదున్నట్టు చూపించదు, కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేట్టు కంపెనీవాళ్ళే సెట్ చేసి పెడతారు. కూలర్ మూసుకుపోయినప్పుడు జరిగేదేంటంటే ఆయిల్లో వేడి కూలెంట్ లోకి రాదు, రాదు కాబట్టి కూలెంట్ హాయిగా ఉంటది, రేడియేటర్ మీద భారం కూడా తగ్గుద్ది, ముల్లు మధ్యలోనే ఉంటది, లోపల ఆయిల్ మాత్రం మాడిపోతా ఉంటది. ముల్లు మధ్యలో ఉందిగా బండికేమీ కాలేదు అని డ్రైవర్ చెప్పినప్పుడు అతను అబద్ధం చెప్పట్లేదు, అతనికి ఆ బండి చూపించిందే అది.

ఆయిల్ వేడి పెరిగితే ఏమవుద్ది అంటే పలచబడిపోద్ది. 90 డిగ్రీల దగ్గర బేరింగుకీ షాఫ్టుకీ మధ్య నిలబడే పొర 130 దగ్గర బాగా పలచబడిపోద్ది. డీజిల్ పికప్ లో ఆయిల్ మామూలుగా 90 నుంచి 110 సెంటీగ్రేడ్ మధ్య తిరగడం సహజం, బరువు లాగుతూ ఎత్తెక్కేటప్పుడు ఇంకొంచెం పైకి పోయినా కంగారు లేదు, కానీ 120 దాటి అక్కడే కూర్చుంటే మాత్రం ఆలోచించాలి. ప్రతి 10 డిగ్రీలకి ఆయిల్ పాడయ్యే వేగం దాదాపు రెట్టింపు అవుద్దనేది మా పనిలో అందరూ వాడే లెక్క. అంటే ఆయిల్ మార్చడానికి బుక్ లో రాసిన కిలోమీటర్లు అలాంటి బండికి వర్తించవు, చాలా ముందే ఆయిల్ చచ్చిపోద్ది.

గుర్తులు ఏముంటాయని అడుగుతారు. హాట్ అయ్యాక ఐడిలింగ్ లో ఆయిల్ ప్రెషర్ ముందుకంటే తక్కువ చూపించడం, లోడు మీద కాసేపు బాగానే లాగి తర్వాత పవర్ తగ్గిపోవడం, ఎందుకంటే ఆయిల్ వేడి చూసుకునే కంప్యూటర్ ఉన్న బండ్లలో అది తనంతట తనే డీజిల్ తగ్గించేస్తది, బోనెట్ ఎత్తితే మాడిన ఆయిల్ వాసన, ఇవీ గుర్తులు. అయితే వీటిలో ఏ ఒక్కటీ కూలర్ అని తేల్చి చెప్పదు. టర్బో పైపు ఊడినా పవర్ తగ్గుద్ది, బేరింగులు అరిగినా ప్రెషర్ పడిపోద్ది. అందుకే గుర్తులు చూసి ఊహించొద్దు, కొలవండి అంటున్నా.

కొలిచే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు, ఓపికగా చెయ్యాలి అంతే. మొదటి పని రాత్రంతా ఆపి ఉంచిన బండి దగ్గర మొదలవుద్ది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేసి, బండి కంప్యూటర్లోని అంకెలు చదివే స్కానర్ పెట్టి కూలెంట్ టెంపరేచర్, ఆయిల్ టెంపరేచర్, లోపలికి పీల్చే గాలి టెంపరేచర్ మూడూ చూడండి. రాత్రంతా ఒకే గాలిలో ఉన్న ఇంజన్ కాబట్టి మూడూ దాదాపు ఒకటే చూపించాలి, ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే పర్లేదు. ఒక సెన్సార్ మాత్రం ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువో తక్కువో చెప్తుంటే ముందు ఆ సెన్సార్, దాని కనెక్టర్, వైరు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మనం తర్వాత వెతికే తేడా కూడా అంతే ఉంటది. ఈ అయిదు నిమిషాల పని చెయ్యకుండా నేరుగా రోడ్డెక్కేవాళ్ళే ఎక్కువ, అక్కడే మంచి కూలర్లు కూడా చెడ్డవైపోతున్నాయి.

రెండోది ఆయిల్ లెవెల్, గ్రేడు. ఆయిల్ ఎక్కువ పోసి ఉంటే క్రాంక్ దాన్ని చిలికి అదే వేడెక్కిస్తది. కూలెంట్ లెవెల్ కూడా చూసుకోవాలి, చల్లగా ఉన్నప్పుడే, వేడిమీద మూత తియ్యబోయి మొహం కాల్చుకున్నవాళ్ళున్నారు దయచేసి ఆ పని చెయ్యకండి.

ఆ తర్వాత బండి తీసి బాగా వేడెక్కనివ్వాలి. ఐడిలింగ్ లో నిలబెట్టి చూసిన రీడింగ్ పనికిరాదు, అక్కడ ఆయిల్ మీద భారమే ఉండదు కాబట్టి పూర్తిగా మూసుకుపోతున్న కూలర్ కూడా బాగున్నట్టే కనపడుద్ది. చదునైన రోడ్డు మీద ఖాళీ బండితో గంటకి నూరు కిలోమీటర్ల లోపు ఒకే స్పీడులో ఇరవై ముప్పై నిమిషాలు పోవాలి, థర్మోస్టాట్, అంటే వేడెక్కాక కూలెంట్ ని రేడియేటర్ లోకి వదిలే వాల్వ్, పూర్తిగా తెరుచుకోవాలి, అప్పుడు పక్కన కూర్చున్న మనిషి రెండు అంకెలూ రాసుకోవాలి. పక్క మనిషి అని ఎందుకంటున్నానంటే నడిపేవాడు ఫోను చూస్తూ నడపకూడదు. చాలా స్కానర్ యాప్‌లు రికార్డ్ చేసి గ్రాఫ్ ఇస్తాయి, అది ఇంకా మంచిది, ఇంటికొచ్చాక నిదానంగా చూసుకోవచ్చు.

ఎంత తేడా ఉండొచ్చు అనేదానికి అన్ని ఇంజన్లకీ ఒకే అంకె లేదు, మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్ లో ఏముందో అదే లెక్క. బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తా. అమెరికాలో 2003 నుంచి 2007 మోడల్స్ దాకా ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లలో వచ్చిన 6.0 లీటర్ పవర్ స్ట్రోక్, నావిస్టార్ కంపెనీ తయారుచేసిన ఇంజన్, దానికి అందరూ పాటించే హద్దు 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు. ఆయిల్ వేడి కూలెంట్ వేడి కంటే 15 దాటి పైన ఉంటే కూలర్ పని అయిపోయినట్టు లెక్క. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, 15 ఫారెన్‌హీట్ ని ఫోన్లో సెంటీగ్రేడ్ లోకి మారిస్తే మైనస్ 9 అని వస్తది, అదేంటో అర్థంకాక వదిలేస్తారు. మనం మార్చేది వేడి కాదు, తేడా, కాబట్టి 32 తియ్యక్కర్లేదు, 9తో భాగించి 5తో గుణిస్తే చాలు, 8 డిగ్రీల పైచిలుకు వస్తది. వేరే ఇంజన్లలో ఖాళీ బండికే తేడా ఇంతకంటే ఎక్కువ ఉండడం మామూలు కావచ్చు, అందుకే నేను అందరికీ చెప్పే మాట, బండి బాగున్నప్పుడే ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి, రేపు తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి మీ బండి అంకే మీ దగ్గర ఉంటది.

అంకెలు రాసుకున్నాక వాటిని చదవడం ఇంకో పని. ఆయిలూ కూలెంటూ రెండూ కలిసి పైకి పోతూ మధ్యలో తేడా ముందున్నంతే ఉంటే కూలర్ జోలికి పోకండి, అది రేడియేటర్ వైపు తప్పు, రేడియేటర్ కి మట్టి పట్టి గాలి పోవట్లేదో, ఫ్యాన్ ని ఇంజన్ తో కలిపి తిప్పే ఫ్యాన్ క్లచ్ పట్టుకోవట్లేదో చూడాలి. కూలెంట్ తన చోట కదలకుండా ఉండి ఆయిల్ ఒక్కటే దాన్ని వదిలేసి పైకి పోతుంటే అప్పుడు కూలర్. ఇంకో రకం ఉంది, దీని దగ్గర మెకానిక్కులు కూడా జారిపోతారు, కూలెంట్ ఉండాల్సిన దానికంటే తక్కువ ఉండడం. థర్మోస్టాట్ 88 దగ్గర తెరుచుకోవాల్సిన బండిలో కూలెంట్ 75 దగ్గరే తిరుగుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందని అర్థం, అప్పుడు తేడా పెద్దగానే కనపడుద్ది గానీ అది ఆయిల్ పైకి పోవడం వల్ల కాదు, కూలెంట్ కిందకి పోవడం వల్ల. ముందు థర్మోస్టాట్ మార్చి మళ్ళీ కొలవాలి. వాటర్ పంప్ రెక్కలు తినేసి కూలెంట్ సరిగ్గా తోయకపోయినా కూలర్లోకి చాలినంత కూలెంట్ పోదు, తేడా పెరుగుద్ది, కాబట్టి హీటర్ ఊదే వేడి, కూలెంట్ పైపుల బిగువు అవీ చూసుకుని పంపు మంచిదేనని తేల్చుకున్నాకే కూలర్ మీదకి రావాలి.

ఖాళీ బండి రీడింగ్ హద్దు దగ్గరదగ్గరగా ఉండి అనుమానం తీరకపోతే లోడుతో ఎత్తు ఎక్కించి చూడాలి. అక్కడ ఆయిల్ ఎంత పైకి పోయిందన్నదానికంటే దిగేటప్పుడు ఎంతసేపట్లో కిందకి వచ్చిందన్నది నేను ఎక్కువ చూస్తా. మంచి కూలర్ ఉన్న బండిలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాక ఆయిల్ వేడి గబగబా కూలెంట్ వైపు దిగొచ్చేస్తది, మూసుకుపోయినదాంట్లో కూలెంట్ ఎప్పుడో సర్దుకున్నా ఆయిల్ పైనే వేలాడతా ఉంటది. ఈ సంగతి ఏ మాన్యువల్ లోనూ అంకెగా రాసుండదు, గ్రాఫ్ లు చూడగా చూడగా కళ్ళకి అలవాటవుద్ది.

ఈ మధ్య నా దగ్గరికి ట్రైలర్ లాగే పికప్ ఒకటి వచ్చింది. వేరే చోట రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంప్ మూడూ కొత్తవి వేశారు, అయినా ఎత్తు మీద పవర్ పడిపోతూనే ఉంది, హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కీ బ్లాక్ కీ మధ్య ఉండే సీలు) పోయింది ఇంజన్ దించాలి అని చెప్పారంట. ఓనర్ ఇచ్చిన కాగితాలన్నీ చూశా, ఎక్కడా ఒక్క టెంపరేచర్ రాసి లేదు. చల్లగా ఉన్నప్పుడు సెన్సార్లు రెండూ ఒకటే చూపించాయి. చదును రోడ్డు మీద కూలెంట్ 91, ఆయిల్ 112. ఎత్తు మీద కూలెంట్ 94 దాటలేదు, ఆయిల్ 128కి పోయింది, అక్కడే బండి పవర్ తగ్గించేసింది. కూలెంట్ లో గ్యాస్ బుడగలు లేవు, కూలెంట్ తగ్గట్లేదు, గ్యాస్కెట్ బాగానే ఉంది. కూలర్ విప్పి గ్రైండర్ తో పక్కన కోసి పలకలు విడదీస్తే కూలెంట్ వైపు సందుల్లో బూడిదరంగు జిగురు ముద్ద, వేలితో తీస్తే జెల్లీలా సాగుతూ మధ్యలో గరగరమని ఇసుక తగిలింది. ఆ ముక్కని ఓనర్ చేతిలోనే పెట్టా. అతను ఖర్చు గురించి అడగలేదు, నా కంటే ముందు ముగ్గురు చూశారు కదా ఒక్కళ్ళు కూడా ఆయిల్ వేడెంతో ఎందుకు చూడలేదు అని అడిగాడు, ఆ ప్రశ్నే నన్ను ఈ ఉత్తరం రాయించింది.

ఆ జిగురు ఎక్కడి నుంచి వస్తదో కూడా చెప్పాలి, లేకపోతే కొత్త కూలర్ వేసినా అదే గతి పడుద్ది. కొన్ని కూలెంట్లలో సిలికేట్లు ఉంటాయి, అల్యూమినియంని కాపాడడానికి వేస్తారు. కూలెంట్ నీళ్ళు కలపకుండా మరీ చిక్కగా పోసినా, రెండు రకాలు కలిపేసినా, మార్చకుండా ఏళ్ళ తరబడి ఉంచేసినా ఆ సిలికేట్లు విడిపోయి జెల్ గా మారతాయి. రంగు ఒకటేలే అని ఏదో ఒకటి కలిపేస్తారు, రంగుని బట్టి కూలెంట్ రకం తెలియదు, డబ్బా మీద రాసిన స్పెసిఫికేషన్ చూడాలి. సున్నం ఎక్కువున్న నీళ్ళు పోస్తే సున్నం పొర కడుద్ది. ఇంజన్ బ్లాక్ పోత పోసినప్పుడు వాడిన ఇసుక కొంత లోపల మిగిలిపోయి తర్వాత మెల్లగా ఊడి వస్తది, ఇందాక చెప్పిన 6.0 ఇంజన్లలో దీని గురించి చాలా మాట్లాడుకున్నారు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది లీకు ఆపే పౌడర్లూ లిక్విడ్లూ. రేడియేటర్ కి చిన్న చెమ్మ వస్తే అది పోసి పంపిస్తారు, ఆ మందు చేసే పనే సన్నటి సందుల్లో చేరి గట్టిపడడం, దానికి రేడియేటర్ చిల్లుకీ కూలర్ పలక సందుకీ తేడా ఎలా తెలుస్తది చెప్పండి.

ఆ 6.0 ఇంజన్ కథలో ఇంకో పాఠం ఉంది. అందులో ఆయిల్ కూలర్ ఇంజన్ వి ఆకారం మధ్యలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటది, దాంట్లోంచి బయటికొచ్చిన కూలెంటే ఈజీఆర్ కూలర్ కి, అంటే ఇంజన్లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్ గ్యాస్ ని చల్లబరిచే కూలర్ కి పోద్ది. ఆయిల్ కూలర్ మూసుకుంటే ఈజీఆర్ కూలర్ కి కూలెంట్ అందదు, మండే ఎగ్జాస్ట్ గ్యాస్ మీద కొద్దిపాటి కూలెంట్ ఆవిరైపోయి అది పగిలిపోద్ది, ఆవిరి సైలెన్సర్ లోంచి తెల్లగా వస్తది, కూలెంట్ డబ్బా మూత దగ్గర తెల్లటి మరకలు పడతాయి, అక్కడి నుంచి హెడ్ గ్యాస్కెట్ దాకా పోద్ది. పగిలిన ఈజీఆర్ కూలర్ మార్చి కూలెంట్ దారిలో దానికి ముందున్న ఆయిల్ కూలర్ని వదిలేసినవాళ్ళు మళ్ళీ అదే పని చేయించుకున్నారు. మీ ఇంజన్ వేరే కంపెనీది కావచ్చు, కూలెంట్ ఏ దారిలో పోతుందో ఆ బొమ్మ ఒకసారి చూసుకోండి, కూలర్ తర్వాత ఏ పార్టు ఉందో అది కూడా ఎండిపోతుందని లెక్క.

మూసుకుపోవడం వేరు, కారడం వేరు, ఇది కూడా కలిపేస్తున్నారు. కూలర్ లోపల పగిలి కారితే ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ కూలెంట్ లోకి పోద్ది, ఎందుకంటే ఆయిల్ ప్రెషర్ 3, 4 బార్లుంటే కూలెంట్ ప్రెషర్ ఒక బార్ అటూ ఇటూ ఉంటది. కూలెంట్ డబ్బాలో గోధుమరంగు మీగడలాంటిది తేలుద్ది. ఆపాక ఆయిల్ ప్రెషర్ సున్నా అయిపోద్ది, వేడి మీదున్న కూలెంట్ ప్రెషర్ మిగిలే ఉంటది కాబట్టి అప్పుడు కూలెంట్ ఆయిల్లోకి వచ్చే అవకాశం ఉంది. డబ్బాలో మీగడ లేదు కాబట్టి కూలర్ మంచిదే అని ఒకాయన నాతో వాదించాడు, అది కారట్లేదు అనడానికి గుర్తు, మూసుకోలేదు అనడానికి కాదు.

ఆయిల్ టెంపరేచర్ సెన్సారే లేని పికప్‌లు కూడా చాలా ఉన్నాయి, స్కానర్లో ఆ లైనే రాదు. వాళ్ళు ఆయిల్ ఫిల్టర్ కింద పెట్టే అడాప్టర్ తోనో సంప్ డ్రెయిన్ బోల్ట్ జాగాలోనో విడిగా ఒక సెన్సార్, మీటర్ పెట్టించుకోవచ్చు, బరువు లాగే బండికి అది దండగ ఖర్చు కాదు. అది కూడా లేకపోతే గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తో సంప్ మీదా ఫిల్టర్ హౌసింగ్ మీదా, థర్మోస్టాట్ హౌసింగ్ మీదా చూడొచ్చు, కానీ మెరిసే అల్యూమినియం మీద అది అబద్ధం చెప్తది, ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తది. నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దాని మీద గురిపెడితే నమ్మదగ్గ అంకె వస్తది, టేప్ ముక్కలు బండి చల్లగా ఉన్నప్పుడే అంటించుకోవాలి, ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టొద్దు. బండి ఆపిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే రెండూ ఒకే వేడికి వచ్చేస్తాయి. స్కానర్ అంత కచ్చితంగా ఉండదు గానీ పెద్ద తేడా ఉంటే దాక్కోదు.

కూలరే అని తేలాక ఇంక కడగడం మీద ఆశ పెట్టుకోవద్దని నా మాట. మందు పోసి తిప్పితే కొంచెం తగ్గినట్టు కనపడి మళ్ళీ మొదటికొస్తది, పలకల మధ్య గట్టిపడిన ముద్ద మొత్తం రాదు. కొత్తది వెయ్యాలి, వేసే ముందు మాత్రం సిస్టం మొత్తం కడగాలి, థర్మోస్టాట్ తీసేసి, హీటర్ వైపు కూడా తెరిచి పెట్టి, బ్లాక్ డ్రెయిన్ లు విప్పి, నీళ్ళు తేటగా వచ్చేదాకా. పాత కూలర్ ఉండగానే కడగండి, కొత్తది పెట్టి కడిగితే ఊడిన చెత్తంతా కొత్తదాంట్లోకే పోద్ది. ఆఖరిసారి డిస్టిల్డ్ వాటర్ తో, మళ్ళీ నింపేటప్పుడు మాన్యువల్ చెప్పిన రకం కూలెంట్ మాత్రమే. పక్క లైన్లో కూలెంట్ ఫిల్టర్ ఒకటి పెడితే ఇంకా మంచిది, కొన్నాళ్ళకి దాన్ని విప్పి కోసి చూస్తే బ్లాక్ లోంచి ఇంకా ఏం ఊడొస్తుందో కళ్ళతో చూడొచ్చు. ఇంజన్ బేరింగులు పోయి రిపేర్ చేసిన బండి అయితే ఆయిల్ వైపు సందుల్లో లోహపు పొడి ఇరుక్కుని ఉంటది, ఆ పాత కూలర్ని కొత్త బేరింగుల ఇంజన్ కి తిరిగి బిగించడం అంటే ఆ పొడిని మళ్ళీ బేరింగులకి పంపించడమే, అక్కడ పొదుపు చెయ్యొద్దు. పని అయ్యాక అదే రోడ్డు మీద అదే స్పీడులో మళ్ళీ కొలిచి ఆ అంకె కూడా ఓనర్ కి రాసివ్వాలి.

ఇంక నేను అడిగేవి చెప్తా. పికప్‌లు తయారుచేసే కొన్ని కంపెనీలు ఆయిల్ టెంపరేచర్ సెన్సార్ ఇంజన్లో పెట్టి కూడా దాన్ని డ్రైవర్ కి చూపించకుండా కంప్యూటర్ లోనే దాచిపెడుతున్నాయి, స్క్రీన్ ఇంత పెద్దది పెట్టి పాటలు చూపిస్తున్నప్పుడు ఆ ఒక్క అంకె చూపించడానికి అడ్డేముంది. ట్రైలర్ లాగే బండి అని అమ్ముతున్నప్పుడు అది చూపించి తీరాలి. బండి బుక్ లో కూడా కూలెంట్ కీ ఆయిల్ కీ మధ్య మామూలుగా ఎంత తేడా ఉంటదో ఒక లైను రాయాలి, సర్వీస్ మాన్యువల్ లో ఉన్నది ఓనర్ కి తెలియకూడని రహస్యమేమీ కాదు. వర్క్‌షాపులవాళ్ళు హీటింగ్ కంప్లైంట్ తో వచ్చిన ప్రతి డీజిల్ బండి జాబ్ కార్డ్ మీద చల్లగా ఉన్నప్పటి రెండు రీడింగులు, రోడ్డు మీద రెండు రీడింగులు, ఎంత స్పీడులో, లోడుతోనా ఖాళీగానా అనేది రాసి సంతకం పెట్టాకే పార్టు పేరు ఎత్తాలి. ఓనర్లు అది అడగాలి, రాయని చోట పార్టు మార్చడానికి ఒప్పుకోవద్దు.

మీ పేపర్ ని అడిగేది చిన్నదే. వచ్చే బండ్ల పేజీలో ఇంజన్ వేడి గురించి రాసేటప్పుడు ఈ కొలిచే పద్ధతి కూడా ఒక పక్కన వెయ్యండి, పొద్దున్న కీ ఆన్ చేసి చూసే రీడింగ్ తో సహా. జాగా చాలకపోతే నా ఉత్తరంలో మిగతాదంతా తీసేసినా పర్లేదు, ఆ ఒక్క ముక్క మాత్రం తియ్యకండి.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్